వ్యాను కింద మరక

"ఊఁ, గట్టిగా తొయ్యి!" అన్నారు మా ఆయన వ్యానులో దర్జాగా కూర్చుని. రోజూ పొద్దున్నే నా మొదటి పని ఇదే. పొయ్యి వెలిగించడం, పిల్లల్ని లేపడం దీని తర్వాతే. బేకరీ నుంచి రొట్టెలు తెచ్చి దుకాణాలకు వేయడం మా జీవనం. వ్యాను పాతది, డీజిలుది. రాత్రంతా నిలిపి ఉంచితే పొద్దున్న ఎంత తాళం తిప్పినా ఇంజను అందుకోదు. అందుకని ఇంటి ముందు వాలు మీద పెడతారు, వెనక నుంచి నేను తోస్తాను. ఆయన తోస్తే నడుం పట్టేస్తుందట. నా నడుం రాతితో చేశారు కాబోలు!

వ్యాను దడదడలాడుతూ వీధి మలుపు తిరిగాక నాకు రెండు పనులు మిగులుతాయి. ఒకటి, అది నిలిచిన చోట గచ్చు మీద మెరుస్తున్న డీజిలు మరకను సబ్బుపొడితో కడగడం. రెండోది, లోపలికెళ్ళి నేను బట్ట మార్చుకోవడం. తోసిన ప్రతిసారీ నాకు మూత్రం కారుతుంది. చెప్పేశాను, ఇంకేముంది! చిన్నది పుట్టినప్పటి నుంచీ ఇంతే. తుమ్మినా, దగ్గినా, బకెట్టు ఎత్తినా అంతే. నలుగురిలో నవ్వడం మానేశాను. నాకు పొగరని చుట్టాలు అనుకుంటారు. అనుకోనీ.

ఒకసారి ఆయనతో చెబితే పేపరు దించకుండానే, "వయసు మీద పడట్లా? మామూలే" అన్నారు. అత్తయ్యతో చెబితే, "పిల్లల్ని కన్నదానికి ఇది మామూలే అమ్మాయ్. బయట అనకు, పరువు పోతుంది" అన్నారు. డీజిలు సంగతి ఎత్తినా ఆయనది అదే మాట: "పాత బండి, ఆ మాత్రం కారడం మామూలే." మా ఇంట్లో కారేవన్నీ మామూలే. కడుక్కోవడం మాత్రం నా వంతు.

ఒకరోజు ఓ దుకాణదారు రొట్టెలకు డీజిలు కంపు కొడుతోందని మొత్తం తిప్పి పంపాడు. ఆయన ఇంటికొచ్చి తాళం బల్ల మీద విసిరికొట్టారు. "రోజూ బండి కడుగుతున్నావా, పైపైన నీళ్ళు చల్లుతున్నావా? నోటికాడి కూడు పోగొట్టావు కదే!" అని అరిచి, ఆ దుకాణదారుని బతిమాలుకోవడానికి నడిచి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట నా మీద కూడా. ఇన్నాళ్ళూ కింద మరకే చూశాను గానీ, పైన ఎక్కణ్ణుంచి పడుతోందో ఒక్కసారీ చూడలేదు. పైగా ఉన్న ఆనవాలు కాస్తా పొద్దున్నే శుభ్రంగా కడిగేశాను, ఎంత తెలివి! వెళ్ళి బానెట్ ఎత్తాను. అంతా జిడ్డే, ఏది పాత తడో ఏది కొత్తదో తెలియదు. పాత గుడ్డతో తుడిచి, లోపల్నుంచి నా పౌడరు డబ్బా తెచ్చి గొట్టాల మీద చల్లాను. తడికి ఒరుసుకుపోయిన తొడలకు రోజూ అద్దుకునే పౌడరు అది. చుక్క తగిలినా దాని రంగు మారిపోతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"పిచ్చి గానీ పట్టిందా? దానికి ముస్తాబేమిటే!" అన్నారు అత్తయ్య గుమ్మంలో నిలబడి.

ఇంజను ఇంకా వేడి మీదే ఉంది గనక తాళం తిప్పగానే అందుకుంది. కాసేపటికి దాని పైభాగాన, నా చిటికెన వేలంత లావు కూడా లేని రబ్బరు గొట్టం చుట్టూ పౌడరు ముద్దయింది. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ఆ గొట్టం లాగాను. వంచితే అన్నీ బీటలే. ఓసి నీ దుంపతెగ, ఇన్నేళ్ళూ నాతో గచ్చు కడిగించింది నువ్వా!

విడిభాగాల దుకాణంలో అతను, "సారుని పంపండమ్మా, సైజు చెప్తారు" అన్నాడు. ముక్క తీసి బల్ల మీద పెట్టాను. "సైజు ఇదే. డీజిలుకి ఆగేది ఇవ్వండి." అతను దాన్ని వంచి చూసి, "పొద్దున్నే స్టార్టవడానికి ఏడిపిస్తోందా? ఈ బీటల్లోంచి గాలి దూరుతోంది, డీజిలు వెనక్కి జారిపోతోంది. ఇది మారిస్తే అదీ పోతుందమ్మా" అన్నాడు.

కొత్త గొట్టం తొడిగి, అతను చెప్పినట్టే ఫిల్టరు మీది చేతిపంపును లోపలి గాలి పోయి గట్టిపడేదాకా నొక్కి, మళ్ళీ పౌడరు చల్లి, తాళం తిప్పాను. ఇంజను చల్లగా ఉంది, వెనక తోసేవాళ్ళెవరూ లేరు. రెండుసార్లు దగ్గి ఠక్కున అందుకుంది. దిగి చూస్తే పౌడరు పొడిపొడిగా అలాగే ఉంది. అమ్మయ్య! గుండెల మీంచి బండ దించినట్టయింది. సీట్లో కూలబడి పకపకా నవ్వాను. నవ్వితే కారింది. కారితే కారనీ, సిగ్గనిపించలేదు. మామూలే అన్నదానికి ఒక చోటుంది, కారణముంది, బాగుచేసే దారీ ఉంది. నా ఒంటికి మాత్రం ఎందుకుండదు?

బట్ట మార్చుకుని, పెళ్ళికి ముందే తీసుకున్న లైసెన్సు బీరువాలోంచి తీసి సంచీలో వేసుకుని వచ్చాను. "అత్తయ్యా, వ్యాను తీసుకుని ఆస్పత్రికి వెళ్తున్నా. డాక్టరమ్మకి చూపించుకుంటాను. మీ అబ్బాయి వస్తే చెప్పండి."

"ఇప్పుడు దేనికే?"

"కారుతోంది కదా, దానికి."

పరువు సంగతి ఎత్తుతారనుకున్నాను. దెబ్బలాడడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ వీధి అటూ ఇటూ చూసి, గుమ్మం దిగి వచ్చి, వ్యాను తలుపు పట్టుకుని గొంతు తగ్గించారు.

"వాడు పుట్టినప్పటి నుంచీ నాకూ ఇంతే అమ్మాయ్. ఆ డాక్టరమ్మ నన్నూ చూస్తుందంటావా?"