దక్షిణం వైపు మూడో గంట

నేను ఒక గంటను. జానెడు ఎత్తు కూడా లేని కంచు గంటను. గుడి గంట అనగానే మీకు శాంతి, ధ్యానం వగైరా గుర్తుకొస్తాయి. దయచేసి అవన్నీ పక్కన పెట్టండి. నేను పగబట్టిన గంటను. ఎవరి మీద పట్టానో, ఎందుకు పట్టానో, ఎలా తీర్చుకున్నానో వరసగా చెబుతాను. పేరుతో సహా చెబుతాను.

పుట్టింది థాయ్‌లాండ్ ఉత్తరాన, చియాంగ్‌మాయ్ పట్టణం అంచున, కేవ్ అనే కంచరి పెరట్లో. మూసలో కంచు మరుగుతూండగా సెంగ్‌దా అనే ఆవిడ వచ్చి, కొంగులోంచి ఒక వెండి జడసూది తీసింది.

"ఇది కూడా అందులో వెయ్యి తమ్ముడూ. నా బున్‌మాది."

"వెండి కలిస్తే గొంతు మారుతుందక్కా."

"మారాలనే. గుడి చుట్టూ ఉన్న మూడు వందల గంటల్లో నా పిల్ల గొంతు నాకు తెలియొద్దూ?"

బున్‌మా ఆమె ఒక్కగానొక్క కూతురు. పందొమ్మిదేళ్ళకే జ్వరంతో పోయింది. ఆ పిల్లకు ఒకటే పిచ్చి ఉండేదట. పొలం మీదుగా విమానం పోతే కొడవలి కింద పడేసి, అది చుక్కంతయ్యేదాకా చూస్తూ నిలబడేదట. ఆ జడసూది కరిగి నాలో కలిసింది. అందుకే నా మోతలో చివర సన్నటి తీపి ఉంటుంది.

మా గంటలను ఎవరూ చేత్తో కొట్టరు. నాలుక చివర రావి ఆకు ఆకారపు ఇత్తడి రేకు వేలాడుతుంది. గాలి ఆకును తోస్తుంది, ఆకు నాలుకను లాగుతుంది, నాలుక నన్ను కొడుతుంది. నా అంతట నేను ఏమీ చేయలేను. ఇది గుర్తుంచుకోండి. నాకున్న ఆయుధం గాలి ఒక్కటే.

ఆకు మీద దాత పేరు చెక్కడం ఆనవాయితీ. కేవ్ పాతకాలపు ఉత్తరాది లిపిలో చెక్కాడు: 'కూతురు బున్‌మా కోసం సెంగ్‌దా మోన్ లోమ్ చైత్యానికి కట్టిన గంట. దక్షిణం వైపు మూడోది.' కింద ఇంకా కాస్త చోటు మిగిలింది. ఖాళీ చూస్తే కేవ్‌కు చెయ్యి ఊరుకోదు. పాత శాసనాల్లో ఉండే వాక్యం ఒకటి తగిలించాడు: 'దీన్ని ఇక్కడి నుంచి కదిపినవాడు సుఖపడకూడదు.' చదువు రాని సెంగ్‌దాకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. నా పగ ఆకు మీద రాసి పెట్టి ఉంది.

మోన్ లోమ్ అంటే గాలిగుట్ట. గుట్ట మీద తెల్లటి చైత్యం, చుట్టూ కర్ర కమ్మీ, కమ్మీ నిండా గంటలు. తొమ్మిదేళ్ళు అక్కడ వేలాడాను. సెంగ్‌దా రోజూ పొద్దున్నే మెట్లెక్కి వచ్చేది. ఏటేటా ఆమె కళ్ళకు పొర కమ్ముతూ వచ్చింది. చివరికి నా మోత పట్టుకునే దక్షిణం వైపు నడిచి వచ్చేది. నా కింద కూర్చుని వరి కోతల గురించీ, పక్కింటి కోడి గురించీ కూతురికి చెప్పేది. నేను మోగితే, "ఊఁ, తర్వాత?" అన్నట్టు తల ఊపేది.

అలాంటి నన్ను ఎత్తుకుపోయినవాడి పేరు కొల్లిపర దివాకరం. ఊరు విజయవాడ. వృత్తి, వైరాగ్యం మీద వ్యాసాలు రాయడం.

ఏప్రిల్‌లో వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ. ఆ ఉదయం పద్దెనిమిది మంది తెలుగు యాత్రికులు గుట్టెక్కారు. వెంట తెలుగు నేర్చిన గైడు ఇన్‌థా ఉన్నాడు. వాళ్ళు అతన్ని 'ఇంద్రగారూ' అని పిలిచేవారు. అతనూ పలికేవాడు. అప్పటికి పదకొండు గుళ్ళు చూసి వచ్చారు. చెప్పులు విప్పడం, తొడగడం, మళ్ళీ విప్పడంతో విసిగిపోయి ఉన్నారు.

"ఇంకెన్ని గుళ్ళున్నాయి ఇంద్రగారూ?" అన్నారు పాపారావు మాస్టారు, మెట్ల మీద చతికిలబడి.

"మూడే సార్."

"బుద్ధుడే నయం. ఒక్క చెట్టు కింద కూర్చుంటే పనైపోయింది."

అప్పుడే ఊరివాళ్ళు చిన్న బకెట్లలో ఇసుక మోసుకొస్తున్నారు. ఎందుకని ఎవరో అడిగితే ఇన్‌థా చెప్పాడు. గుడికి వచ్చిన ప్రతిసారీ మన కాళ్ళకంటుకుని కాస్త ఇసుక బయటికి పోతుంది. అది గుడి సొత్తు. తెలియక తీసుకుపోయినా దొంగతనమే. అందుకని ఏడాదికోసారి ఇలా తెచ్చి, ఇసుకతో చిన్న చైత్యాలు కట్టి, తిరిగి ఇచ్చేస్తారు.

దివాకరం కళ్ళు మెరిశాయి. నోటుబుక్కు తీసి గబగబా రాసుకున్నాడు. తర్వాత అందరూ చైత్యం ముందు ఫోటోలకు నిలబడితే, ఆయన ఒక్కడూ వెనకవైపు వచ్చాడు. గంటలన్నీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు. ఆకును వేళ్ళతో పట్టుకున్నాడు.

"అచ్చం మన అక్షరాల్లా గుండ్రంగా ఉన్నాయే!" అని గొణిగాడు.

జేబులోంచి గోళ్ళ కత్తెర తీశాడు. నన్ను కమ్మీకి కట్టిన రాగి తీగ మెత్తనిది. మూడు నొక్కులకు తెగింది.

సరిగ్గా అప్పుడే ఇసుక బకెట్టుతో సెంగ్‌దా మలుపు తిరిగింది. ఆమెకు కనిపించింది ఒక మసక ఆకారం. చేతులు కమ్మీ మీద, చేతుల్లో ఒక గంట. గుట్టెక్కి గంట పట్టుకున్న మనిషి దాన్ని కట్టడానికే వచ్చి ఉంటాడు. ఇంకో ఆలోచన ఆమెకు రావడానికి ఆ ఊళ్ళో గంట దొంగతనం ఎప్పుడూ జరగలేదు. బకెట్టు కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "సాథు" అంది. నీ పుణ్యానికి నేనూ సంతోషిస్తున్నాను అని దాని అర్థం.

దివాకరం కూడా చేతులు జోడించాడు. ఆ చేతుల మధ్య నేనే ఉన్నాను.

దొంగతనం ఒక్కటే అయితే ఊరుకునేదాన్నేమో. ఆ నమస్కారం చూశాక పగబట్టాను.

కిందికి దిగాక ఆయన చేసిన పని వినండి. గుమ్మం దగ్గర ఆగి, అందరూ చూస్తూండగా చెప్పులు రెండూ తీసి టపటపా దులిపాడు.

"ఒక్క రేణువు కూడా నా వెంట రాకూడదు మాస్టారూ. వచ్చినట్టే వట్టి చేతులతో పోవాలి."

"మీరు మనిషి కాదండీ!" అన్నారు పాపారావు మాస్టారు. ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. సంచిలో, మేజోడు లోపల, నోట్లో గుడ్డ కుక్కుకుని నేను విన్నాను.

విమానాశ్రయంలో నా సంచిని యంత్రంలోకి పంపారు. ఇదే అదను అనుకున్నాను. ఒక్క మోత, ఒక్కటే చాలు. మేజోట్లో గాలి ఎక్కడిది? "ఇదేమిటి?" అని అడిగిన అధికారికి, "సావనీర్" అన్నాడు దివాకరం చిరునవ్వుతో. వైరాగ్యం ఉన్న మొహాన్ని ఎవరూ అనుమానించరు. మొదటి దెబ్బ గురి తప్పింది.

విజయవాడలో ఆయన భార్య సుభాషిణి మేజోడు విప్పి నన్ను బయటికి తీసింది.

"ఎక్కడిదండీ ఇది?"

"ఒక వృద్ధ భిక్షువు ఇచ్చాడు. నా కళ్ళలోకి చూసి, తన చేత్తో తీసి ఇచ్చాడు."

ఆమె నన్ను వెలుతురుకు పట్టుకుని తిప్పి చూసింది. నా తలకు ఇంకా రాగి తీగ ముక్క వేలాడుతూ ఉంది.

"ఇచ్చేవాడైతే ముడి విప్పి ఇస్తాడు గానీ, తీగ కత్తిరించి ఇస్తాడటండీ?"

"నీకు ప్రతిదీ అనుమానమే!"

ఆమె తీగ ముక్కను నా తల నుంచి ఊడదీసింది. పారేయకుండా డబ్బాలో దాచింది. ఆ ఇంట్లో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

నన్ను ఏసీ గదిలో, కిటికీలు బిగించి, పుస్తకాల బీరువా పైన పెట్టాడు. గాలి లేదు. పది నెలలు మూగగా ఉన్నాను. నా కళ్ళ ముందే ఆయన పుస్తకం రాశాడు. పేరు 'వట్టి చేతుల యాత్రికుడు'. ఉత్తర థాయ్‌లాండ్ గుళ్ళ మీద నూట తొంభై పేజీలు. చెప్పులు దులిపిన ఘట్టానికి ఒక అధ్యాయం. వృద్ధ భిక్షువు గంట ఇచ్చిన ఘట్టానికి ఇంకో అధ్యాయం. అది చదివి తనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాతే ఆయన తన గొయ్యి తాను తవ్వుకున్నాడు. నా ఆకును ఫోటో తీయించి, అక్షరాలు ఒక్కొక్కటీ కనబడేట్టు పెద్దది చేయించి, అట్ట మీద వేయించాడు. కింద తెలుగులో అర్థం: 'అంతా అనిత్యం. బౌద్ధ సూక్తి.' ఎవరినీ అడగలేదు. గుండ్రటి అక్షరాలు, గుడి గంట. ఇంకేముంటుంది అనుకున్నాడు.

ఆవిష్కరణ సభ ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం. హాలు నిండింది. ఆయన జీవితమంతా ఎదురుచూసిన రోజు అది. వేదిక నిండుగా ఉండాలని, గుంటూరు దగ్గర బౌద్ధం చదువుకుంటున్న ఒక థాయ్ భిక్షువును పిలిపించి కూర్చోబెట్టాడు. ఆయన పేరు ఖమ్‌మూన్. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉండి హాస్టలు తెలుగు బాగా నేర్చుకున్నాడు. ఏ ప్రాంతం వాడో దివాకరం అడగలేదు. కాషాయం ఉంటే చాలనుకున్నాడు. ఆ భిక్షువుది మా గుట్టకు యాభై మైళ్ళ దూరంలోని పల్లె. పాత లిపిని గుళ్ళోనే దిద్దుకున్నవాడు.

పుస్తకాలు రంగు కాగితాల్లో చుట్టి ఉన్నాయి. నన్ను వేదిక మీద ఒక స్టాండుకు వేలాడదీశారు. హాలంతా ఉక్క. ముందు వరసలోంచి సుభాషిణి లేచింది.

"పాపం, స్వామికి చెమటలు పోస్తున్నాయి," అంటూ గోడ పక్కనున్న స్టాండు ఫ్యానును భిక్షువు వైపు తిప్పింది.

భిక్షువుకూ ఫ్యానుకూ మధ్య ఉన్నది నేను. ఆమె అది చూసి తిప్పిందో, చూడక తిప్పిందో నేటికీ నాకు తెలియదు. తిప్పాక మాత్రం నా వైపు ఒక్క క్షణం చూసింది.

పది నెలల తర్వాత గాలి! ఆకు గిర్రున తిరిగింది. నేను మోగాను. మామూలుగా కాదు. ప్రధాన వక్త మాట ఆపేశాడు. ఖమ్‌మూన్ తల తిప్పాడు. లేచి వచ్చి, తిరుగుతున్న ఆకును ఒక వేలితో ఆపాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. దివాకరం దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో అనబోయాడు.

"చెవిలో ఎందుకు భంతే, మైకులో చెప్పండి! అర్థం అందరూ వినాలి," అని దివాకరమే మైకు ఆయన చేతికిచ్చాడు. నేనెంత పథకం వేసినా ఇంత బాగా కుదిరేది కాదు.

భిక్షువు మైకును కాస్త దూరంగా పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "సార్, ఇది సూక్తి కాదు. అడ్రస్సు."

హాలు నవ్వింది. ఆయన నవ్వలేదు. మెల్లగా, మాట మాటా చదివి తెలుగులో చెప్పాడు. సెంగ్‌దా పేరు. చనిపోయిన బున్‌మా పేరు. గుడి పేరు. దక్షిణం వైపు మూడోది. చివరి వాక్యం దగ్గర ఆగి, "ఇది చదవక్కర్లేదు," అన్నాడు.

"చదవండి స్వామీ," అంది సుభాషిణి, కూర్చున్న చోటి నుంచే.

చదివాడు. దివాకరం నా వైపు వేలు చూపించాడు. "భిక్షువు... ఆయనే ఇచ్చాడు..." అన్నాడు.

"చనిపోయిన పిల్ల కోసం తల్లి కట్టింది సార్. ఏ భిక్షువూ ఇవ్వడు."

ఇంతలో ఈ మాటలేవీ పట్టని ఫోటోగ్రాఫరు, "సార్, పుస్తకం ఒకసారి పైకి!" అని కేక వేశాడు. ప్రధాన వక్త అలవాటు కొద్దీ కాగితం చించి పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు. అట్ట నిండా అవే అక్షరాలు. దొంగతనం తాలూకు అడ్రస్సును, శాపంతో సహా, దొంగే వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. రెండో వరసలో పాపారావు మాస్టారు లేచి, "చెప్పులు మాత్రం బాగా దులిపాడండీ!" అన్నారు. ఆ తర్వాత ఏ ఉపన్యాసమూ సాగలేదు.

గంట తను తీసుకెళ్ళనన్నాడు ఖమ్‌మూన్. "కోసిన చేతులే కట్టాలి సార్," అన్నాడు. సుభాషిణి ఇంటికెళ్ళి డబ్బాలోంచి రాగి తీగ ముక్క తెచ్చి, భర్త చేతిలో పెట్టింది.

ఏప్రిల్‌లో దివాకరం మళ్ళీ గుట్టెక్కాడు. ఒక చేతిలో నేను, ఇంకో చేతిలో ఇసుక బకెట్టు. పక్కన ఇన్‌థా. పైకి చేరేదాకా అతను ఒకే ఒక్క మాట చెప్పాడు. ఏడాదిగా సెంగ్‌దా రోజూ వస్తోందట. చుట్టూ తిరిగి, చెవి ఒగ్గి, "ఇవాళ కూడా గాలి లేదా?" అని అడిగి పోతోందట. చుట్టూ మూడు వందల గంటలు మోగుతుండగా.

దివాకరం దక్షిణం వైపు మూడో చోట నన్ను కట్టాడు. రెండుసార్లు ముడి జారింది. గాలి వచ్చింది. మోగాను.

కమ్మీ చివర కూర్చున్న సెంగ్‌దా దిగ్గున లేచింది. ఇప్పుడామెకు చూపు పూర్తిగా లేదు. తడుముకుంటూ వచ్చి ఆకును పట్టుకుంది. చెంపకు ఆనించుకుంది.

"ఎవరు తెచ్చారు?"

ఇన్‌థా దివాకరం వైపు తిరిగాడు. "ఏం చెప్పమంటారు సార్?"

ఈసారీ భిక్షువు కథ చెబుతాడనుకున్నాను. ఎదురుచూశాను. ఆయన, "నేనే కోసుకుపోయానని చెప్పు. ఆమె నాకు దండం పెట్టిందని కూడా చెప్పు," అన్నాడు.

ఇన్‌థా చెప్పాడు. సెంగ్‌దా ఆకును చెంప నుంచి తీయకుండానే అడిగింది.

"ఎలా తీసుకెళ్ళాడట?"

"విమానంలో."

"రావడం కూడా?"

"విమానంలోనే."

ముసలామె బోసినోటితో నవ్వింది. "విన్నావా బున్‌మా! రెండుసార్లు ఎక్కావే!" అంది నాతో. తర్వాత ఇన్‌థా చెయ్యి పట్టుకుని, "అతని పేరు ఎవరికీ చెప్పకు. పాపం, ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి," అంది. దివాకరం ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆమె తల నిమిరింది.

చూశారా? పది నెలలు నేను కాచుకున్న పగను ఆమె ఒక్క నవ్వుతో తుడిచేసింది. ఆమె మనిషి, ఆమెకు చెల్లుతుంది. నన్ను కంచుతో పోశారు.

ఇప్పుడు తెలుగు యాత్రికులు వచ్చినప్పుడల్లా ఇన్‌థా వాళ్ళను నా ముందు ఆపి ఈ కథ చెబుతాడు. "ఎవరండీ ఆ దొంగ?" అని అందరూ అడుగుతారు. ఇన్‌థా మాట తప్పే మనిషి కాదు. నవ్వి, చెప్పులు చూపించి, ముందుకు తీసుకుపోతాడు.

సెంగ్‌దాకు మాటిచ్చింది ఇన్‌థా. నేను కాదు. కొల్లిపర దివాకరం, విజయవాడ.