లోవమ్మ దిగాల్సిన చోటు

జంతికల గొట్టం పిడి మీద ఒంటి బరువంతా మోపి, కాగిన నూనె మీద చుట్టలు చుడుతోంది లోవమ్మ. పిండి పడగానే నూనె చుయ్యిమని నురగ కట్టింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకోలేదు. నురగ తగ్గేదాకా చూసి, జల్లిగరిటెతో చుట్టను ఒక్కసారి తిరగేసింది. అంబాజీపేటలో కేశవరావుగారి కొబ్బరి కొట్టు వెనకాల రేకుల పాక అది. నేల తవ్వి కట్టిన గాడిపొయ్యిలో కొబ్బరి డొక్కలు ఎర్రగా మండుతున్నాయి. అవతల రోడ్డు మీద లారీలకు కాయలు ఎత్తుతున్న కూలీల కేకలు వినిపిస్తున్నాయి. పాక ముందు కొత్త రంగు వేయించుకుని యాత్రా బస్సు నిలబడి ఉంది. దాని ముందు అద్దం మీద కాశీ, గయ, నేపాల్ అని ఎర్రటి అక్షరాలు రాసి ఉన్నాయి. సాయంత్రం బయల్దేరాలి.

లోవమ్మ యాభై దాటిన మనిషి. పొట్టి. పెద్ద పెద్ద డేగిసాలు ఎత్తి దించడం వల్ల భుజాలు మాత్రం మగవాళ్ళ భుజాల్లా వెడల్పుగా ఉంటాయి. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు, ఆవాలు చల్లినట్టు. మాట తక్కువ. ఎవరేం చెప్పినా "ఆయ్" అని తలూపి పనిలో పడిపోతుంది. యాత్ర నుంచి వచ్చినవాళ్ళు గంగ గురించీ విశ్వనాథుడి గురించీ రోజుల తరబడి చెప్పుకుంటారు. తెల్లవారకముందే చేతికి వేడి కాఫీ గ్లాసు అందించింది ఎవరో వాళ్ళలో చాలామందికి గుర్తుండదు.

ఆమె భర్త బంగారరాజు ఆ బస్సుకు వంటవాడు. ఆయన పక్కన కూర్చుని కూరలు తరిగేది. కామెర్లొచ్చి ఆయన పోయిన ఏడు, "ఈ ఒక్క ట్రిప్పూ నువ్వు నెట్టుకురా లోవమ్మా" అన్నారు కేశవరావుగారు. ఆ ఒక్క ట్రిప్పూ ఇంకా అవలేదు. కూతురు భూలక్ష్మి పెళ్ళి చేసింది, మనవల్ని ఎత్తుకుంది. ఏటా బియ్యం బస్తాల మధ్య కూర్చుని దేశమంతా తిరిగింది. అయితే ఆమె చూసిన దేశమంతా బస్సు వెనకవైపు నుంచే. గుడికి అందరూ వెళ్ళాక పొయ్యి రాజేయాలి, అందరూ వచ్చేసరికి విస్తళ్ళు వేయాలి.

భర్త పోయాక చేసిన మొదటి ట్రిప్పులో జరిగింది ఆ సంగతి. నేపాల్లో ఖాట్మండుకు వెళ్ళే దారిలో, అడవి అంచున ఒక టీ కొట్టు దగ్గర బస్సు ఆగింది. ఇంకా తెల్లవారలేదు. చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత మంచు. అందరూ బస్సులో ముసుగుతన్ని నిద్రపోతున్నారు. లోవమ్మ ఒక్కతే అన్నం వార్చి, గంజి పక్కన గుంటలో పారబోసింది. కాసేపటికి గుంట దగ్గర ఏదో కదిలింది. గేదె అనుకుంది. కానీ ఆ ఊపిరి గేదెది కాదు. కమ్మరి కొలిమి తిత్తిలా బరువుగా, నిదానంగా ఉంది. మంచులో ఒక గోడ కదులుతున్నట్టు అనిపించింది. లోవమ్మ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. విచిత్రం ఏమిటంటే ఆమెకు భయం వేయలేదు. భర్త పోయాక అప్పటిదాకా గుండెలో గడ్డకట్టినట్టున్నదేదో కాస్త వదులైనట్టనిపించింది. వెలుగొచ్చేసరికి అక్కడ గుండ్రటి అడుగులు, ఒక్కోదానికి మూడేసి గోళ్ళు, ఆ పక్కన తొక్కేసిన ఆవచేను తప్ప ఏమీ లేవు.

"గైండా" అంది టీ కొట్టు ఫూల్మతి, ముక్కు మీద వేలు నిటారుగా పెట్టి చూపిస్తూ. ఖడ్గమృగం.

బస్సులో ఎవరికి చెప్పినా నవ్వారు. లోవమ్మ మళ్ళీ చెప్పలేదు. కానీ దాని ముఖం చూడాలన్న కోరిక ఆమెలో ఉండిపోయింది. ఏటా ఆ కొట్టు దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఫూల్మతికి కురిడీ కొబ్బరికాయలు ఇచ్చేది. సంతల్లో నేర్చిన హిందీతో ఒక్కో సంగతీ రాబట్టేది. ఏనుగెక్కి అడవి చూడటం దొరల సరదా, తన వల్ల కాదు. ఫూల్మతి మరిది అడవిలో ఏటి మీద పడవ తోస్తాడు. కొంత దూరం పడవ, ఆపైన అతని వెంట నడక. రాత్రికి పడుకోవడానికి ఫూల్మతి మట్టి ఇల్లు ఉంది, ఇద్దరూ కలిసి వండుకోవచ్చు. పాస్‌పోర్టు అక్కర్లేని పరదేశం. వెళ్ళే బస్సు దిగి, తిరిగొచ్చే బస్సు ఎక్కితే దారి ఖర్చు కూడా లేదు. ఇక చలికాలంలో ఊళ్ళోవాళ్ళు వెళ్ళి గడ్డి కోసుకుని, మిగిలింది కాల్చేస్తారట. ఆ తర్వాత అడవి పలచబడి జంతువులు బయట కనిపిస్తాయట. ఆ మాట విన్నాక లోవమ్మ, "కార్తీకంలో కాశీలో జనం తొక్కేత్తన్నారండి, మాఘంలో అయితే సుఖమండి" అని కేశవరావుగారి చెవిన వేసింది. ఆయన అది తనకే తట్టిన ఆలోచనలా అందరికీ చెప్పి, తొంభై ఎనిమిదిలో యాత్రను మాఘానికి మార్చారు.

గైండా వెంటపడితే వంకరటింకరగా పరిగెత్తాలి, లేదంటే చెట్టెక్కాలి అని ఫూల్మతి మరిది చెప్పాడు. ఆ సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం బస్సు డ్రైవరు ధనరాజు పాక వెనక్కి వచ్చేసరికి సపోటా చెట్టు కొమ్మ మీద లోవమ్మ కనిపించింది.

"పిన్నిగారండీ, కాయలింకా పచ్చివేనండి."

"కాయలక్కాదులే అబ్బాయ్" అంది ఆయాసపడుతూ. దిగాక అతనికి అంతా చెప్పింది. అతను నవ్వలేదు. మర్నాటి నుంచి చెట్టు కింద నిలబడి, "ఆ కొమ్మ మీద కాదండి, మొదట్లో కాలెయ్యండి" అని చెప్పేవాడు.

ఇప్పుడు అంతా కుదిరింది. దారిలో దిగుతానంటే కేశవరావుగారు సరేనన్నారు. లోవమ్మ దిగిపోయిన రెండు రోజులూ వంట చూడటానికి కొత్తపేట పోలిరాజు ఒప్పుకున్నాడు. జంతికల బుట్ట నిండింది. ఆమె చేతులు తుడుచుకుంటుండగా కేశవరావుగారు వచ్చి పాక బయటే నిలబడ్డారు.

"లోవమ్మా, పోలిరాజు రానంటున్నాడు. పెళ్ళి వంటలు ఒప్పుకున్నాడట. నీ దిగడం ఈసారికి ఆపుకో. వచ్చే ఏడు చూద్దాం."

అలవాటుగా "ఆయ్" అన్న మాట నోటిదాకా వచ్చింది. లోవమ్మ దాన్ని మింగేసింది. పొయ్యిలో డొక్క ఒకటి ముందుకు తోసి, లేచి నిలబడింది.

"వచ్చే ఏడు నా మోకాళ్ళు చెట్టెక్కనియ్యవండి."

"చెట్టేమిటి?"

"అదొకటుందిలెండి. ఈ ఏడే దిగుతానండి బాబుగారూ."

ఆమె ఎదురు చెప్పడం ఆయన ఎన్నడూ వినలేదు. కోపం రాలేదు గానీ తికమకపడ్డారు. "ఏం చూస్తావు అందులో? బురదలో దున్నపోతులా ఉంటుంది. కావాలంటే ఏ జూలోనో చూపిస్తాను."

"జూలో చూసేనండి. దానికి ఎక్కడికెళ్ళాలో తెలవదండి, పాపం. గోడ చుట్టూ తిరుగుతా ఉంటాది. దాని పని అది చేసుకుంటా ఉంటే చూడాలండి నాకు."

"పశుపతినాథుడి దర్శనం వదులుకుంటావా మరి?"

"ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టుకున్నానండి. ఆయన పశువులకే కదండి పతి, ఏవీ అనుకోడు."

కేశవరావుగారికి నవ్వొచ్చింది. వెంటనే యాత్రికులు గుర్తొచ్చారు. "తిండి దగ్గర మాటొస్తే నా పేరు పోతుంది లోవమ్మా."

"తిండి ఇక్కడే చేసి డబ్బాల్లో పెట్టేత్తానండి. సాయంత్రందాకా టయిముంది."

ఆయన "చూద్దాం" అని వెళ్ళిపోయారు. లోవమ్మ ఆ "చూద్దాం" తేలేదాకా ఆగలేదు. గంగాళంలో చింతపండు నానబోసింది. బొంబాయి రవ్వ దోరగా వేయించి, తాలింపు పెట్టి, జీడిపప్పు కలిపి ఆరబోసింది. సలసల కాగే నీళ్ళు పోసి మూత పెడితే ఉప్మా అయిపోతుంది. కందిపప్పు, మిరపకాయలు, జీలకర్ర వేయించి రోట్లో వేసి దంచింది. పోటు పోటుకీ గాజులు మోచేతిదాకా జారి మళ్ళీ కిందికొచ్చాయి. పులిహోర పులుసు చిక్కబడి నూనె తేలేదాకా కలిపింది. కొబ్బరి కోరి, బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టింది. వేడికి అరచేతులు ఎర్రబడితే నీళ్ళలో ముంచి మళ్ళీ చుట్టింది. చెమట కనురెప్పల మీద నిలిచింది. మధ్యాహ్నం తను తినలేదు. మధ్యలో ధనరాజు, ఆ రెండు రోజులూ అన్నం తను వండుతానంటూ వచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టాడు. ఆమె పక్కనుంచి, "మెతుకు పట్టి చూడు. నలిగిందా? ఇంక వార్చెయ్" అంది. మొదటి వాయి ముద్దయింది. రెండో వాయి పొడిపొడిగా వచ్చింది. అతను బస్సు నడపడం నేర్చిన రోజున కూడా అంత మురిసిపోలేదేమో.

ఎండ వాలాక కేశవరావుగారి భార్య సూర్యకాంతం పాకలోకి వచ్చింది. ఆవిడ కూడా యాత్రకు వస్తోంది. డబ్బా మూత తీసి, గుప్పెడు రవ్వ గిన్నెలో వేసుకుని, వేడినీళ్ళు పోసి మూత పెట్టింది. కాసేపాగి వేలితో తీసుకుని నోట్లో వేసుకుంది.

"మా ఇంట్లో పొయ్యి మీద చేసినా ఇలా రాదు" అని, వాకిట్లో నిలబడ్డ భర్తవైపు తిరిగింది. "ఆ రెండు రోజులూ వడ్డన నేను చూసుకుంటాను. ఆవిణ్ణి దిగనివ్వండి. ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఒక్కటంటే ఒక్కటి అడిగిందా?"

కేశవరావుగారు వరసగా పేర్చిన డబ్బాల వైపు, వాటి పక్కన పిండి అంటిన చేతులతో నిలబడ్డ మనిషి వైపు చూశారు. "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారు. ఆ 'అండి' భార్యకో, లోవమ్మకో ఆయనకే తెలియదు.

చూసిందా అంటే, చూసింది. ఆ సంగతి తర్వాత ధనరాజు చెప్పాడు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆగేసరికి టీ కొట్టు ముందు ఫూల్మతి పక్కన నిలబడి ఉందట. చీర కుచ్చెళ్ళకు కాలిన గడ్డి మసి, మోచేతి మీద ముల్లు గీరిన చార. అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఒకటే ప్రశ్నలు.

"తల్లీ పిల్లానండి" అందట. "ఏట్లో నీళ్ళు తాగుతున్నాయి. నన్ను చూసేయి. తాగడం మాత్రం ఆపలేదండి." ధనరాజు వైపు తిరిగి, "అన్నం ముద్ద చేసేవా, ఏటి?" అని అడిగిందట. ఆ పూట పొయ్యి తనే వెలిగించింది.

బయల్దేరిన రోజు సాయంత్రం మాత్రం ఇవేవీ ఎవరికీ తెలియవు. యాత్రికులు ఎక్కారు. టెంకాయ కొట్టారు. డబ్బాలన్నీ సర్దాక సూర్యకాంతం తన కూతురు రేవతి బడిలో డ్రిల్లుకు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చి లోవమ్మ ముందు పెట్టింది. "అడవిలో ముళ్ళుంటాయి" అంది. లోవమ్మ వద్దనబోయి, ఆగి, అరుగు మీద కూర్చుని తొడుక్కుంది. కొంచెం బిగుతు. లేచి రెండడుగులు వేసి చూసుకుంది. తర్వాత వెనక తలుపులోంచి బస్సెక్కింది. బస్సు లారీల మధ్య నుంచి మెల్లగా రోడ్డెక్కి, కొబ్బరి చెట్ల చాటుకు వెళ్ళిపోయింది.

పాకలో పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. అరుగు కింద ఆమె రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. మడమల దగ్గర కాగితంలా అరిగి, వేళ్ళ ముద్రలు నల్లగా పడి, ఎడమదాని తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి, రెండూ రోడ్డువైపు తిరిగి ఉన్నాయి.