రేకుల వెనక మాట

రోజూ పొద్దున్నే హిల్మా కంగస్ తన చెల్లెలు ఐలీ చేసిన యాలకుల రొట్టెను కాఫీలో ముంచుకుని తినేది. పళ్ళెంలో చివరి ముక్క కూడా అయిపోయాకే దానికి వంక పెట్టేది.

"యాలకులు వేశావా, లేక పిండికి డబ్బా చూపించి తీసేశావా?"

"వేశానక్కా."

"అమ్మ చేస్తే చూడాలి రొట్టె. నీకు నేర్పేదాకా ఆవిడ ఉంటేగా! నీ మొహం చూసే పారిపోయింది. పోయినావిడ ఒక్కసారి తిరిగొచ్చిందా నీకోసం?"

ఐలీకి అరవై దాటాయి. ఈ మాట చిన్నపిల్లప్పటి నుంచీ వింటోంది. మొదట్లో ఏడ్చేది, తర్వాత నమ్మింది. రంపపు మిల్లులో పనిచేసే మంచివాడొకడు ఒకప్పుడు ఆమెను పెళ్ళి చేసుకుంటానని వచ్చాడు. "కన్నతల్లికే అక్కర్లేనిదాన్ని, మీకెందుకండీ" అని తలుపు వేసేసింది. ఆ రోజు హిల్మా రొట్టెకి వంక కూడా పెట్టలేదు, అంత సంతోషంగా ఉంది.

పెద్ద సరస్సు మీద నుంచి వచ్చే గాలికి ఎదురుగా, గనుల ఊరి చివర ఉంది వాళ్ళ ఇల్లు. మేడ లేదు, మిద్దె లేదు. చెక్క గోడలు, వాటిమీద అల్యూమినియం రేకుల తొడుగు. ఆ రేకులు ఐలీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రి కొట్టించినవి. ఇప్పుడు వాటి రంగు పిండిలా చేతికి అంటుకుంటోంది. పోయిన వేసవిలో వడగళ్ళకు సొట్టలు పడి, అతుకులు విడి, నీళ్ళు లోపలికి దిగాయి. ఐలీ మంచం పక్క గోడకి పుట్టగొడుగులు లేచాయి. ఆమెకు దగ్గు పట్టుకుంది.

"తుడిచేస్తే పోతాయి" అంది హిల్మా.

పుట్టగొడుగులు పోలేదు, దగ్గూ పోలేదు. చివరికి ఐలీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎదురు చెప్పింది. "రేకులు మార్పించు. లేదా నేను వృద్ధాశ్రమానికి పోతా. నీ కాఫీ నువ్వే పెట్టుకో."

హిల్మా కాఫీ పెట్టుకోవడం ఎప్పుడో మరిచిపోయింది. రూడీకి కబురు పంపింది.

ఆ ఊళ్ళో గోడలకు తొడుగు వేసేది రూడీయే. అతను వేలితో నొక్కితే చెక్క నానిన రొట్టెలా లోపలికి పోయింది.

"ఒరేయ్ రూడీ, పాత రేకుల మీదే కొత్తవి కొట్టెయ్" అంది హిల్మా. చిన్నప్పుడు చర్చిలో అతనికి పాఠం చెప్పిన చనువు ఆమెది.

"కుళ్ళిన చెక్కకి మేకు నిలవదండీ. అంతా ఊడదీయాల్సిందే."

"అయితే ఈ వీధి గుమ్మం పక్క గోడ వదిలెయ్."

"అసలు పాడైందే ఆ గోడ కదా!" అని రూడీ ఆగి, ఆమె మొహం చూసి, గొంతు తగ్గించాడు. "లోపల ఏమైనా మాట పడిపోయిందా, హిల్మా గారూ?"

హిల్మా గుమ్మంలోని కాళ్ళు తుడుచుకునే పట్టాని కాలితో సర్దింది.

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. చెక్కని కప్పేసే ముందు దాని ఎదుట చివరగా ఎవరేం మాట్లాడితే అది చెక్కలో ఉండిపోతుంది. తొడుగు తీసిన రోజున ఒక్కసారి పైకి వినిపించి పోతుంది. అందుకే రేకులు కొట్టే రోజున ఇంటిల్లిపాదీ నోళ్ళు మూసుకుంటారు. ఆఖరున పెద్దవాళ్ళెవరో వచ్చి ఒక మంచిమాట చెబుతారు. మొన్న ఒకరింట్లో తాతగారి తుమ్ము వచ్చింది. తుమ్మైనా తాతదే కదా అని అందరూ కళ్ళు తుడుచుకుని, ఆ గోడ పక్కన ఫొటో దిగారు.

పని మొదలైన రోజున హిల్మా చెల్లెల్ని చర్చికి తోలేసింది. అక్కడ సంతకి మాంసం కజ్జికాయలు చేస్తున్నారు, దుంపలు తరగడానికి మనిషి కావాలి. ఐలీ మలుపు తిరిగిందో లేదో, హిల్మా రేడియో తెచ్చి వీధి మెట్టు మీద పెట్టి, చెవులు చిల్లులు పడేలా డాన్సు పాటలు పెట్టింది. రూడీ మారు మాట్లాడకుండా రేకులు ఊడదీయడం మొదలుపెట్టాడు. పక్క గోడల నుంచి ఏ శబ్దమూ రాలేదు.

ఐలీకి దారిలో ఉండగానే తన కత్తి మరిచిపోయానని గుర్తొచ్చింది. చర్చి కత్తులతో వెన్న కూడా తెగదు. వెనక్కి వచ్చింది. ఆ రేడియో గోలకి ఒళ్ళు మండి, ముందు దాని తీగ పీకేసింది. సరిగ్గా అప్పుడే రూడీ గుమ్మం పక్క రేకుని లాగాడు.

"హిల్మా, దాన్ని పిలువు. బస్సు వెళ్ళిపోతుంది" అంది గోడలోంచి ఒక ఆడగొంతు. "దానికి ఎర్ర కోటు తెచ్చాను. వేసి తీసుకుపోతాను."

"మరి నేను?" పడుచుపిల్ల గొంతు.

కంకర మీద కాలు కదిలిన చప్పుడు.

"నువ్వు పెద్దదానివి. నాన్నకి వండిపెట్టేవాళ్ళు ఒకరు ఉండొద్దూ?"

"ఐలీ నీ మొహం చూడనంది. నువ్వు చచ్చిపోయావని బళ్ళో చెప్పుకుంటోంది."

"నా చిట్టి అలా అందా?"

"అంది. ఆ కోటు ఇక్కడ పెట్టి పో."

వెనక, దూరంగా, ఇంటి పెరట్లోంచి చిన్నపిల్ల పాట వినిపిస్తోంది. తాడాట ఆడుకుంటూ పాడే పాట. అది ఐలీ గొంతే. తల్లి అడుగులు కంకర మీద వెళ్ళిపోయేదాకా ఆ పిల్ల పాడుతూనే ఉంది. ఆ తర్వాత చెక్క మామూలు చెక్క అయిపోయింది.

రూడీ టోపీ తీశాడు. ఐలీ గుమ్మంలో పరిచిన పట్టా వంక చూసింది. పాత గుడ్డపీలికలతో హిల్మా నేసిన పట్టా అది. బూడిదరంగు మధ్యలో దట్టంగా ఒక ఎర్ర ఉన్ని చార. బడికి వెళ్ళే రోజుల నుంచీ, నిన్న సాయంత్రం దాకా, ఐలీ దాని మీదే కాళ్ళు తుడుచుకుంటోంది. తుడుచుకోకపోతే హిల్మా కేకలేసేది.

"విన్నావుగా" అంది హిల్మా. "నన్ను వదిలేసి పోదామనుకుంది ఆవిడ. నువ్వూ పోతే నాకెవరున్నారే? నిన్ను పెంచింది నేనే కదా!"

"నువ్వే పెంచావు. అందుకే ఇలా పెరిగాను" అంది ఐలీ. లోపలికి పోయి కత్తి తీసుకుని, దుంపలు తరగడానికి వెళ్ళింది.

రూడీ కుళ్ళిన చెక్కలు తీసి కొత్తవి వేశాడు. వాటిమీదకి ప్లాస్టిక్ పలకలు తెచ్చాడు. గుమ్మం పక్క గోడ ఆఖరున మిగిలింది. "మంచిమాట ఎవరు చెబుతారు?" అని అడిగాడు.

"నేను" అంది ఐలీ. అక్కని లోపలికి పంపి తలుపు వేసింది. గోడకి నోరు ఆనించినంత దగ్గరగా నిలబడి, చాలాసేపు మాట్లాడింది. హిల్మా కిటికీ అద్దంలోంచి ఆ పెదాలు కదలడం చూసింది. ఒక్క ముక్క వినపడలేదు. చివర్లో ఐలీ తలెత్తి అక్క వంక చూసి నవ్వింది.

"కొట్టెయ్, రూడీ."

"ఏం చెప్పావే?" అంది హిల్మా ఆ రాత్రి అన్నం దగ్గర.

"ఊడదీసిన రోజు వింటావులే."

ఆ పలకలు మనం పోయినా ఉంటాయని రూడీ ముందే చెప్పాడు. ఊడదీయమని హిల్మా అతని ఇంటికి పోయి బతిమాలింది. ఇల్లు ఇద్దరిదీ, ఇద్దరూ అడగాలన్నాడు. పోనీ ఏం చెప్పిందో చెప్పమంది. గోడకి చెప్పింది గోడదే అన్నాడు. నిచ్చెన మీద ఉన్నవాడికి అంతా వినపడింది. పిండి ఎంత, పాలు ఎంత, వెన్న ఎంత, ఎంతసేపు పొంగనివ్వాలి. యాలకులు రెండు చెంచాలు, అప్పుడే దంచినవి. ఐలీ గోడకి చెప్పింది రొట్టె చేసే పద్ధతి, అంతే.

హిల్మా తిండి మానేసింది. రొట్టెకి వంక పెట్టడం కూడా మానేసింది, రుచి తెలిస్తే కదా! పగలంతా వీధిలో కుర్చీ వేసుకుని గోడకి చెవి ఆనించి కూర్చుంటుంది. పలకల సందుల్లో వెన్న కత్తి దూర్చి గీకుతుంది. అమ్మలాగే తనూ నన్ను వదిలేసి పోతానందా, నేను చావాలని శపించిందా, క్షమించానందా? ఏదో ఒకటి తెలిస్తే చాలు.

మొదటి మంచు పడిన రోజున కూడా అక్కడే కూర్చుంది. జుట్టు మీద, ఒళ్ళో, చెప్పుల్లో మంచు. లోపల వెచ్చగా రొట్టె వాసన. ఐలీ కిటికీ కొంచెం తెరిచింది.

"అక్కా, చలి. లోపలికి రా."

"ఏం చెప్పావో చెప్పు, వస్తాను. నీ కాళ్ళు పట్టుకుంటానే."

ఐలీ ఆమె వంక చూసింది. తర్వాత గుమ్మంలోని పట్టా వంక చూసింది.

"కాళ్ళు తుడుచుకుని రా" అని కిటికీ మూసేసింది.