సాయంత్రానికి గడి లేదు

కదలదు, నల్లబల్ల కదలదు, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను కదా అనుకుంటున్నాడు కురుమూర్తి, కాలేజీలో అంచు విరిగి మూలపడ్డ బల్లను ప్రిన్సిపాల్‌ని అడిగి నిన్న రిక్షాలో వేయించుకొచ్చి పక్కింటి బాలనాగమ్మ మగ్గం గుంత మీద పరిచాడు, కాళ్లు కిందికి వేలాడేసుకుని నేసే ఆ గుంత ఒక్కటి కనబడకపోతే మిగతా ఇల్లంతా మేడంకి నచ్చుతుంది, నచ్చాలి, పాలమూరు నుంచి పొద్దున్నే జీపులో వచ్చిన శిశు సంక్షేమ శాఖ మేడం కుర్చీలో కూర్చుని ఒళ్లో కాగితం పెట్టుకుంది, ఆ కాగితంలో గడులున్నాయి, రాత్రి పిల్ల ఎవరి దగ్గర పడుకుంటుంది అనే గడి నిండింది, పగలు ఎవరు చూసుకుంటారు అనే గడి ఖాళీగా ఉంది, శాఖవాళ్లు ఒప్పుకున్న ఆడమనిషి పేరు ఈ శనివారం, అంటే ఇవాళ, అందులో పడకపోతే బుజ్జమ్మ తన దగ్గర ఉండదు, భార్య యమున పోయి ఏడు నెలలైనా ఒంటరి మగవాడి దగ్గర ఆడపిల్లను ఇన్నాళ్లు ఉండనివ్వడమే మేడం దయ, ఆ సంగతి ఆవిడ ఒక్కసారీ ఎత్తి చూపలేదు, అదీ దయే.

పెంపకానికి ఇచ్చారు గానీ దత్తత కాదు, కన్నతల్లి జాడ తెలిసేదాకా అని, ఆర్నెల్లకోసారి కాగితం తిరగరాయాలని, అమ్మా నాన్నా అని పిలిపించుకోవద్దని మొదటి రోజే చెప్పారు, రెండేళ్ల పిల్ల అప్పుడు, యమున సరే సరే అని తలూపి ఇంటికొచ్చాక పిల్లను వీపు మీద ఎక్కించుకుని, పిల్ల మనది కాదంట, గట్లనే కానీ, మనమే పిల్ల మనుషులమైతె వద్దంటరా అని నవ్వింది, తాను మాత్రం నియమం నియమమే అన్నాడు, అందుకని ఊళ్లో అందరూ పిలిచే పిలుపే పిల్లకూ వచ్చింది, మీ సార్ వచ్చిండు చూడు బుజ్జీ అని యమున వాకిట్లోంచి కేకేసేది, సార్ అనేది పిల్ల, రెండు చేతులు చాచి సార్ అనేది, ఇంటర్ పిల్లలు నలభైమంది కలిసి అన్నా ఆ మాటలో అంత అర్థం ఉండదు.

మనిషి కోసం ఎంత తిరిగాడు, కాలేజీ దగ్గరి బాలవాడి మంచిదే, ఆయమ్మ పిల్లల ముక్కులు తన కొంగుతోనే తుడుస్తుంది, కానీ ఒంటిగంటకే మూసేస్తారు, తనకు ఐదున్నరదాకా ప్రాక్టికల్స్, రిటైరైన టీచరమ్మ ఒకావిడ మొదట ఒప్పుకుని కాఫీ ఇచ్చి ఇంతకీ ఏం కులం పిల్ల సార్ అంది, తెలియదమ్మా అంటే కప్పు చేతిలోంచి తీసుకుంటూ మా మామకు పట్టింపు ఎక్కువ అంది, మామ గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉన్నాడు, ఇంకొకావిడ పోలీసు విచారణ అనగానే తలుపేసుకుంది, చివరికి ఏ కాగితమూ లేకుండా ఈ ఏడు నెలలు పిల్లను చూసిన బాలనాగమ్మే, ఇద్దరు కొడుకులు పనికి పుణె పోయాక ఒక్కతే నేసుకుని బతికే మనిషి, నా పేరు రాయి సారూ అంది, ఠాణాకు పోయింది, దవాఖానలో ఛాతీ ఫొటో తీయించుకుంది, ఆ ఫొటోను వెలుతురుకు పట్టి చూసి, నా పెండ్లిల గూడ ఇన్ని అడగలే సారూ, అడిగుంటె ఆ పెండ్లి గాకపోవు, బతికిపోతుంటి అని పకపకా నవ్వింది, ఎన్నాళ్లకో తనకూ నవ్వొచ్చింది.

మేడం అడుగుతోంది, పిల్ల ఏడిస్తే ఏం చేస్తావమ్మా, బాలనాగమ్మ చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, కొసేపు ఏడ్వనిస్త మేడం, లోపల ఏమన్న ఉంటె పోవాలె గద, ఎన్క ఇంత బెల్లం పెడ్త అంటుంది, మేడం పెదవి చివర నవ్వు, రాసుకుంటోంది, బాగానే జరుగుతోంది, మగ్గం మీద సగం నేసిన చీర, ఎర్రటి పట్టంచు, పోగు విసిరే నాడె పక్కన పెట్టి ఉంది, దేవుడా ఇక లేచి వెళ్తే బాగుండు, కానీ మేడం వంగి పిల్లను అడుగుతోంది, మరి నువ్వు పొద్దంతా ఎక్కడ కూర్చుంటావు బంగారూ, అయ్యో అడగొద్దు, ఏడు నెలల్లో కొత్తవాళ్లతో నోరు విప్పని బుజ్జమ్మ ఇవాళే మేడం వేలు పట్టుకుంది, తన ఇల్లు చూపించే పెద్దమనిషిలా నడిపించుకుపోయింది, నల్లబల్ల మీద అరచేత్తో కొట్టి, అవ్వా తియ్, నా ఇల్లు అంది.

ఇటుకలు తానే తీశాడు, ఇంకెవరు తీస్తారు, గుంతలో బాలనాగమ్మ కాళ్లతో తొక్కే చెక్కల పక్కన మడతపెట్టిన చిన్న బొంత, విరిగిన నాడె ఒకటి, రెండు సుద్దముక్కలు, చూశాడు ఇదివరకు, సాయంత్రం వచ్చినప్పుడల్లా చూశాడు, మగ్గం చప్పుడు కింద పిల్ల ఆ అవ్వ కాలికి ఆనుకుని నిద్రపోయేది, చూసి కూడా బల్ల కప్పాడు, మేడం కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది, కురుమూర్తి గారూ మీరు చదువుకున్నవారు అని మాత్రం అంది, చెక్క కింద చెయ్యి పడితే, మగ్గం బరువు మీద పడితే ఎవరు జవాబు చెప్తారు అంది, బాలనాగమ్మ గుంతలోకే చూస్తూ, మగ్గం తీపిచ్చేస్త మేడం, పిల్లున్నన్నొద్దులు నెయ్య, రాసియ్యమంటె రాసిస్త, ఏలిముద్రనా సంతకమా అంది, సంతకం చేయగలదు, ఠాణాలో చేసింది, చేసేస్తుంది కూడా, మగ్గం పోయాక ఆమె ఏం తింటుంది, ఒప్పుకుంటే గడి నిండుతుంది, పిల్ల ఉంటుంది, నోటిదాకా వచ్చిన ఊఁ ఎక్కడో ఆగి వద్దు అని బయటికొచ్చింది, వద్దు బాలనాగమ్మా, నీ మగ్గం ఉండనీ, ఆమె ముక్కు తుడుచుకుంటూ, జర ముందే చెప్తె ఆ బొంతన్న తీస్తుంటి గద సారూ అంది.

ఇక మిగిలింది వనపర్తి, అక్క వనజ కాగితాలు పోయిన వారమే ఒప్పుకున్నారు, నలుగురు మసలే ఇల్లు, వాకిలి, గేటు, ఫోన్‌లో అక్క గొంతు, తమ్మీ, పిల్లను నా తాన ఇడ్సు, నీకే అన్నం ఒండుకోనీకె రాదు దానికేం పెడ్తవ్, ఐతారం ఐతారం వచ్చి చూసుకపో, తాను ఆలోచిస్తానన్నాడు, ఏం ఆలోచించాడు, ఆ ఇంట్లోనే తానూ ఉండొచ్చు కదా అని ఎందుకు అనలేదు, బస్సు దూరమనా, కాదు, వంటింట్లో డబ్బాల మీద యమున సుద్దముక్కతో కందిపప్పు, పెసరపప్పు అని రాసింది, అరిగినప్పుడల్లా మళ్లీ దిద్దేది, ఇప్పుడు దిద్దేవాళ్లు లేక తాను ఆ డబ్బాలు తుడవడం మానేశాడు, ముట్టడమే మానేశాడు, కంది పోయి పప్పు మిగిలింది, ఆ రెండక్షరాలకు కాపలా ఉంటున్నాడు, మేడం గడిలో వనజ పేరు రాస్తోంది, సోమవారం నుంచి అక్కడే, మీరు ఆదివారాలు వెళ్లొచ్చు అంటోంది, ఆ గొంతులో జాలి ఉంది, అది చాలదు గానీ ఉంది.

బుజ్జమ్మ సార్ చెప్పులు తెచ్చి పెట్టింది, తొమ్మిదిన్నర దాటితే తాను కాలేజీకి పోతాడని దానికి తెలుసు, శనివారమైతేనేం, మేడం అయితేనేం, జల్దీ రా సార్ అంది, రోజూ అనే మాటే, అవ్వతోని ఉండు బుజ్జీ జల్దీ వస్త అని యమున పచ్చబడ్డ కళ్లతో ఆటో ఎక్కి కర్నూలు దవాఖానకు పోయిన పొద్దుటి నుంచి అనే మాట, ఆమెను అక్కడే సాగనంపి మూడో రోజు పొద్దువాలుతుంటే తాను ఒక్కడే దిగితే పిల్ల ఆటో లోపలికి వంగి చూసింది, ఇప్పటికీ సాయంత్రాలు తాను రాగానే సార్ అని చేతులు చాచి, ఎత్తుకున్నాక భుజం మీంచి తన వెనక చూస్తుంది, ఎవరూ ఉండరు, అప్పుడు మెడ మీద తల వాలుస్తుంది, రోజూ, ఒక్క రోజూ తప్పకుండా, ఇన్ని ఇళ్లు ఎక్కి దిగాడు, పగలు ఎవరు, పగలు ఎవరు అని అడిగాడు, పిల్ల ఏనాడూ అది అడగలేదు, మేడం, సాయంత్రం ఎవరొస్తారు అనే గడి ఉందా అండీ అన్నాడు, ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పింది, లేదండీ అంది, నేనొస్తాను, అక్కడే ఉంటాను, ఇక్కడ కాలేజీకి రోజూ వచ్చి పోతాను అన్నాడు, ఆవిడ కాగితాన్ని అడ్డంగా తిప్పి ఖాళీగా ఉన్న అంచు మీద సన్నగా ఏదో రాసింది, ఐదున్నరకు వదిలితే ఆరు బస్సు, జూరాల దాటి ఆత్మకూరు, అక్కడో పావుగంట ఆపుతాడు, వనపర్తి చేరేసరికి ఎనిమిది, ఎనిమిదిన్నర, పిల్ల గేటు దగ్గర ఉంటుంది, తన వెనక చూస్తుంది, ఎవరూ ఉండరు, డబ్బాల మీద అక్షరాలు పోతే పోనీ, యమున రాని ఆ సాయంత్రంలోనే ఈ పిల్ల ఇంకా కూర్చుని ఉంది, తానూ అక్కడే కూర్చుని ఉన్నాడు, ఇద్దరిలో ఎవరో ఒకరు లేచి, రోజూ, రెండోవాళ్ల దగ్గరికి రావాలి.