పందితొడ గెలిచిన వారం

పొయ్యి కట్టేసిందా లేదా, కట్టేసే ఉంటుంది, అరవై ఏళ్ళ బతుకులో నెట్టీ బీల్ పొయ్యి కట్టకుండా గడప దాటింది ఒక్కసారే, పెళ్ళయిన ఏడాది, చిక్కుడుగింజల కుండ మంట మీద పెట్టి మరీ పరిగెత్తింది, చేపల డబ్బాల ఫ్యాక్టరీ కూత వేసింది మరి, కూత వేసిందంటే చేపల పడవ రేవుకి వచ్చినట్టు, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఎక్కడున్నా, తలకి రంగేసుకుంటున్నా సరే, ఏప్రన్ చంకన పెట్టుకుని పరుగే, ఆ రోజు గింజలు మాడి ఇల్లంతా కంపు, మొగుడు హార్వీ ఒక్క మాటన్నాడంటే ఒట్టు, కిటికీలన్నీ తెరిచి ఉత్త రొట్టె తిని పడుకున్నాడు, పాపం హార్వీ, ఇప్పుడాయనా లేడు, కూతా లేదు, ఫ్యాక్టరీని పోయిన వసంతంలోనే మూసేశారు, ఇక ఈ గదిలోనైతే గడియారం కూడా చప్పుడు చెయ్యదు, ఎదురుగా ఎత్తు బల్ల వెనక ఏడుగురు జడ్జీలు, నల్ల గౌన్లు, రేవు బయట రాళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకుల్లా వరసగా కూర్చున్నారు, నవ్వొచ్చేసింది, పక్కనే ఉన్న పాత నేస్తం లియోనా మోచేత్తో ఒక్క పోటు పొడిచింది, ఊరుకోవే, పెద్ద కోర్టులో ఆ పళ్ళికిలించడమేంటి అని.

నిలబడి మాట్లాడుతున్నది కొలెట్ తిబోడో, నెట్టీ తరఫు లాయరమ్మ, ముప్పై దాటిందో లేదో, బూట్లు మార్చి నెల మంచులో తడిసి ఇంకా ఆరలేదు, పదిహేను నిమిషాలే టైము, ముందు చిన్న పచ్చదీపం, అది ఎర్రబడితే నోరు మూసుకోవాలట, ముప్పై ఎనిమిదేళ్ళు కత్తెరతో చేపల తలలూ తోకలూ కత్తిరించి ఈమె కుడిచేతి నరం నలిగిపోయిందండీ అంటోంది కొలెట్, పనివల్ల వచ్చిన దెబ్బకి పరిహారం ఇవ్వమంటే కంపెనీ కాదంది, విచారణాధికారి డాక్టరు మాటని పక్కన పెట్టి తనూ కాదన్నాడు అంటోంది, ఎంత చక్కగా చెప్తోందో పిల్ల, ఇంకెవరి చెయ్యి గురించో విన్నట్టుంది, అయినా ఇదే ఆఖరి మెట్టు, ఈ రాష్ట్రంలో దీనికి పైన కోర్టు లేదు, ఇక్కడ గెలిస్తే ఆపరేషనూ వారం వారం భత్యమూ, ఇక్కడ జారితే అంతే సంగతులు, కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకోవాలి, కోటు గుండీ పెట్టడానికి పక్కింటావిడ తలుపు కొట్టాలి, బతికినన్నాళ్ళూ.

ఆ చేతికి ఒకప్పుడు ఎంత పేరు, నిమిషానికి అన్ని డబ్బాలు, చూడ్డానికి కొత్తపిల్లలు వచ్చి వెనక నిలబడేవాళ్ళు, మొదటిరోజు తనూ కొత్తదే, పందొమ్మిదేళ్ళది, వేళ్ళకి గుడ్డపట్టీ చుట్టుకోకుండా వచ్చింది, ఎడమపక్క నిలబడ్డ డాట్ చూసి, ఏమే పెళ్ళికూతురా, చేపలు నింపుదామనొచ్చావా, వేళ్ళు నింపుదామనొచ్చావా అంటూ తన పట్టీ విప్పి సగం చించి చుట్టింది, డాట్ అప్పటికే పెద్దది, చర్చి పాటలకి బూతు మాటలు కట్టి పాడేది, పాదిరిగారి భార్య అదే బల్ల దగ్గర నిలబడి ముసిముసిగా నవ్వేది, తరవాత పన్నెండేళ్ళకి కుడిపక్కకి లియోనా వచ్చింది, ఇంక ఆ వరస మారలేదు, డాట్, నెట్టీ, లియోనా, ముందు బెల్టు మీద వెండిలా మెరుస్తూ చేపలు, ఎడమచేత్తో తియ్యి, కుడిచేత్తో చకచక రెండు కోతలు, డబ్బాలో ఒకటి అటూ ఒకటి ఇటూ మార్చి పేర్చు, పాతిక డబ్బాలు నిండితే ట్రే నిండినట్టు, ట్రే మోసేవాడు వచ్చి వీపుకి పిన్నుపెట్టిన కార్డుకి చిల్లు కొట్టేవాడు, ఎన్ని చిల్లులుంటే అంత కూలి, సాయంత్రం ఇంటికెళ్తుంటే ఊళ్ళో పిల్లులన్నీ వెనకే, హార్వీ గుమ్మంలో నిలబడి, అదిగో మహారాణీ పరివారం అనేవాడు, ఆ వాసన, ఎంత తోమినా పోని ఆ వాసన, ఛీ అనుకున్న రోజులే ఎక్కువ, ఇప్పుడు ఒక్కసారి ముక్కుకి తగిలితే ప్రాణం లేచొస్తుంది.

ఆ బల్లకి ఒక పద్ధతుండేది, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు, ఎవరికి వేలు తెగినా, వేవిళ్ళతో వాలిపోతున్నా, ఇంట్లోంచి శవం లేచినా, పక్కనున్నావిడ తను నింపిన డబ్బాల్ని మోచేత్తో మెల్లగా ఆవిడ ట్రేలోకి నెట్టేస్తుంది, తల తిప్పదు, పాట ఆపదు, నెట్టినావిడ ఎవరికీ చెప్పదు, అటుపక్కావిడతో కూడా అనదు, అందుకున్నావిడ చూడదు, చూసినా చూడనట్టే, ఫోర్‌మన్ కార్ల్‌టన్ కంటపడితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి మరి, నెట్టీకి ఇరవై మూడో ఏట అయిదో నెల కడుపు పోయింది, నాలుగో రోజే వచ్చి నిలబడింది, ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది, ఏడుస్తూ కత్తిరించింది, ఏడుస్తూ పేర్చింది, సాయంత్రం కార్డు చూసుకుంటే రోజూ ఉన్నన్ని చిల్లులూ ఉన్నాయి, డాట్ మాత్రం అవతలికి తిరిగి ఎవరి మొగుడి మీదో జోకులేస్తోంది, ఒక్క ముక్క, ఒక్క అయ్యో కూడా అనలేదు ముసల్ది, ఆ తరవాత తనెన్నిసార్లు నెట్టిందో, ఎవరెవరికి నెట్టిందో, అవి ఏ కాగితం మీదా లేవు, ఉండకూడదు.

ఉండకూడదనే కదా చెప్పనిది, రెండేళ్ళ కింద విచారణాధికారి, పాపం మంచివాడే, కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు, ఏప్రిల్ నుంచి చెయ్యి పనిచెయ్యడం లేదంటున్నారు, జూలై దాకా మీ కార్డులో ఒక్క చిల్లు తగ్గలేదు, ఈ ట్రేలన్నీ మీరు నింపినవేనా అమ్మా అని, నెట్టీ కూర్చున్నచోట నిటారుగా అయ్యి, అవునండీ, నావే అంది, ఆ ఒక్క మాట మీదే దావా కొట్టేశాడు, అప్పటికి ఫ్యాక్టరీ నడుస్తోంది, లియోనాకి పింఛనుకి ఇంకా పదకొండు నెలలుంది, దాని పేరెట్టి నోరు జారితే ఆ కార్ల్‌టన్ అదే రోజు గేటు బయట నిలబెడతాడు, అందుకే మింగేశాను, లియోనా కోసమే మింగేశాను అని ఈ రెండేళ్ళూ చెప్పుకుంది, గుండీ పెట్టుకోలేని ప్రతి పొద్దునా చెప్పుకుంది, చెప్పుకుంటే కొంచెం హాయిగానే ఉండేది.

ఇవాళ పొద్దున కోర్టు వసారాలో లియోనా ఆగలేకపోయింది, నాలుగు గంటలు కారు నడిపి తెచ్చిన మనిషి, లాయరమ్మ చెయ్యి పట్టుకుని, ఇదిగో అమ్మాయీ, నా పింఛను నా చేతికొచ్చేసింది, ఫ్యాక్టరీకి తాళం పడింది, ఇంక నన్నెవరు పీకుతారు, సముద్రకాకులా, ఆ డబ్బాలు కొన్ని నేను నెట్టాను, బైబిలు తెమ్మను, ప్రమాణం చేస్తాను అని గడగడా చెప్పేసింది, కొలెట్ మొహం పాలిపోయింది, గోడకి ఆనుకుంది, అయ్యో, ఈ మాట రెండేళ్ళ కింద చెప్పాల్సిందండీ, ఈ కోర్టు కొత్త సాక్ష్యం వినదు, కింది విచారణలో రాసుకున్న కాగితాలే చూస్తుంది, ఆ కాగితాల్లో మీరే అవునండీ నావే అన్నారు కదా నెట్టీ గారూ అంది, కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది, పెద్దకూతురు వయసు పిల్ల అలా జాలిగా చూస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి, తనకి కూతుళ్ళు లేరు, ఉండుంటే అనుకుంటుందంతే.

దీపం ఎర్రబడింది, కొలెట్ కూర్చుంది, కంపెనీ తరఫు లాయరు లేచాడు, బూడిదరంగు కోటు, గొంతు ఎంత మెత్తగా ఉందంటే తిడుతున్నా దీవించినట్టుంటుంది, వారం వారం చదవడం మొదలుపెట్టాడు, ఏప్రిల్ మొదటివారం ఇన్ని ట్రేలు, రెండోవారం ఇన్ని, మే, జూన్, నెట్టీ కళ్ళు మూసుకుంది, వింటుంటే అంకెలు కావవి, ఏప్రిల్ మొదటివారం డాట్ మనవరాలికి పళ్ళొచ్చాయి, మేలో లియోనా నీలంపళ్ళు కూరి కాల్చిన తీపిరొట్టె తెచ్చి బస్సులో కింద పడేస్తే అందరూ నేలమీంచి చెంచాలతో తిన్నారు, జూన్‌లో డాట్‌కి ఆయాసం, డెబ్బై ఒకటో ఏడు, మానెయ్యవే ముసల్దానా అంటే నువ్వు ముందు మానెయ్, నీ వెనకే వస్తా అంది, మాననే లేదు, ఆ చలికాలమే పోయింది, జూలై రెండోవారం అన్నాడు లాయరు, కాగితం పైకెత్తాడు, చెంచా కూడా పట్టుకోలేకపోయానని ఈవిడ చెప్పిన వారం, అయ్యా, అమ్మా, దయచేసి గమనించండి, ఆ వారం ఈవిడ తన ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో అన్నిటికన్నా ఎక్కువ ట్రేలు నింపారు, ఫ్యాక్టరీ మొత్తానికి మొదటిస్థానం, బహుమతిగా ఒక పందితొడ అందుకున్నారు, రసీదు మీద సంతకం కూడా ఉంది అన్నాడు, ఎడమచేత్తో పెట్టిన సంతకమని మాత్రం అనలేదు, ఏడుగురిలో ముగ్గురు నవ్వారు, చివర కూర్చున్న జడ్జి ఒకామె నవ్వలేదు, ముందుకి వంగి, చచ్చిన చేత్తో మొదటిస్థానం ఎలా వచ్చింది అని కొలెట్ వైపు చూసింది, కొలెట్ లేచి, కాగితాల్లో దానికి జవాబు లేదండీ అంది, కూర్చుంది.

లియోనా పిప్పరమెంటు నమలడం ఆపింది, చెవిలో నోరు పెట్టింది, ఒసే, అంత నేను నెట్టలేదే, రోజుకి రెండు ట్రేలు, మూడు, అంతే, అన్ని ఎక్కడివి, దాని కళ్ళు పెద్దవయ్యాయి, డాట్, ఓరి దేవుడా, ఆ ముసల్ది కూడానా, ఆ ఆయాసంతోనా, నీకు పందితొడ వచ్చిందంటే నీ చెయ్యి నయమైపోయిందనే అనుకున్నానే నేను, అదీ అలాగే అనుకునుంటుంది, ఇద్దరం నీకు చెరోపక్క నిలబడి, ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం, అంటూ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది, నవ్వో ఏడుపో తెలీకుండా బెంచీ అంతా కదిలిపోతోంది, నెట్టీకి మాత్రం నవ్వు రాలేదు, కార్ల్‌టన్ బల్ల చివర పెట్టె మీదికెక్కి నెట్టీ బీల్ అని అరిచిన శుక్రవారం కనపడింది, ఏప్రన్ల వరసల మధ్య నుంచి నడిచి వెళ్ళడం, చప్పట్లు, కుడిచేత్తో ఎత్తలేక తొడని ఎడమచంకలో ఇరికించుకోవడం, కొత్తపిల్లల మొహాలు, ఆదివారం దాన్ని కాల్చి ఇద్దరినీ పిలిస్తే డాట్ మూడు ముక్కలు తిని వేళ్ళు నాకుతూ, ఏం చెయ్యే నీది, బంగారం అంది, ఆ ముసల్ది దేవుడి సాక్షిగా నమ్మే అంది, తను తల వంచుకుని ఇంకో ముక్క వడ్డించింది.

తెలీదా మరి, తెలుసు, ఆ వారం తన కత్తెర పట్టుమని రోజుకి నాలుగు ట్రేలు కొయ్యలేదని తన చేతికి తెలుసు, ఎవరెన్ని నెట్టారో తెలీదు గానీ నెట్టారని తెలుసు, తెలిసే పెట్టె దాకా నడిచింది, తెలిసే చప్పట్లు తీసుకుంది, ఆ రోజు విచారణాధికారి అడిగినప్పుడు నాలుక మీద లియోనా పింఛను లేదు, లియోనా గుర్తుకొచ్చింది ఇంటికెళ్ళాక, బస్సులో, సాకు కావాల్సొచ్చాక, నాలుక మీదున్నది ఆ శుక్రవారం, నెట్టీ బీల్ ట్రేలు నెట్టీ బీల్‌వి కావు అన్న మాట ఒక మగాడు టైపు కొట్టి దస్త్రంలో పెడతాడన్న భయం, అంతకన్నా ఏం లేదు, ఈ చెయ్యి చచ్చిపోయిందని రాసివ్వాలి, ఈ చెయ్యిని మించిన చెయ్యి లేదనీ రాసివ్వాలి, రెండూ కావాలని ఇంతదూరం వచ్చింది, ఏడుగురు కాదు, డెబ్బైమంది జడ్జీలు కూర్చున్నా రెండూ ఇవ్వలేరు, జడ్జీలు లేస్తున్నారు, అందరూ నిలబడ్డారు, తీర్పు పోస్టులో వస్తుందట, రెండు నెలలో మూడు నెలలో, రానీ, ఏం రాసుంటుందో నెట్టీకి తెలుసు, ఏ లాయరూ ఓడగొట్టలేదు తనని, ఆపరేషను కావాలా పేరు కావాలా అని ఆ రోజు ఆ కళ్ళజోడు మనిషి మర్యాదగా అడిగాడు, తను మర్యాదగా పేరు అడిగి తీసుకుంది.