వక్కాకు తిత్తుల మీద పేర్లు

తనకల్లు ఎలిమెంటరీ స్కూలు చెన్నప్ప అయివారికి పుస్తకం రాయడానికి పన్నెండేళ్ళు పట్టింది. ప్రతి ఆదివారం సైకిలెక్కి ఒక ఊరికి పోవడం, ఆ ఊరి బావి గట్టు మీద కూర్చోవడం, దాన్ని ఎవరు తవ్వారో, ఎన్నాళ్ళు తవ్వారో, ఏ రాతికి ఎన్ని గడ్డపారలు విరిగాయో పెద్దవాళ్ళను అడిగి రాసుకోవడం. అట్లా ఇరవై ఆరు బావుల కథలు పోగయ్యాయి. పుస్తకానికి 'జల పడిన చోట్లు' అని పేరు పెట్టాడు. పంతొమ్మిది వందల అరవై రెండులో కదిరిలో ఒక చిన్న ప్రెస్సు నడిపే బయ్యన్న దాన్ని అచ్చు వేయడానికి ఒప్పుకున్నాడు.

చివరి ప్రూఫులు దిద్దడానికి పోయిన రోజున బయ్యన్న మనసులో మాట బయటపెట్టాడు.

"పుస్తకం బాగుండాది అయివారా. అయితే ఉత్త పుస్తకం ఎవురు కొంటారప్పా? సబ్బుల కంపెనీవాళ్ళు అద్దాలు ఇస్తాండారు. బీడీల కంపెనీవాళ్ళు క్యాలెండర్లు ఇస్తాండారు. మీరూ పుస్తకంతో పాటు ఏదన్నా ఒకటి ఇయ్యండి. దాని మీద మీ పేరుంటే నలుగురి కండ్లల్లో పడతాది."

మద్రాసు నుంచి తెప్పించిన మచ్చు వస్తువులు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఇంటికి తీసుకుపోయి చూసుకొని, ఏది కావాలో చెప్పమన్నాడు బయ్యన్న. పెట్టెను ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కిన చెన్నప్పకు దారి పొడుగునా ఒకటే ఆలోచన: ఒక వస్తువు మీద తన పేరు, అది వందల ఇండ్లల్లో. యాభై రెండేళ్ళ మనిషికి అట్లాంటి ఆశ పుట్టిందంటే నవ్వుతారేమోనని పక్కనున్నవాళ్ళ వైపు కూడా చూడలేదు.

ఇంట్లో తిప్పమ్మ విత్తనానికి శనక్కాయలు వలుస్తూంది. చెన్నప్ప పెట్టెలోవన్నీ ఆమె ముందర పరిచాడు. రేకు అద్దం, దువ్వెన, పెన్సిలు, అట్ట విసనకర్ర. తిప్పమ్మ మొదట అద్దం తీసుకొని ముఖం చూసుకుంది. ముక్కుపుడక సర్దుకుంది.

"దీంట్లో నా మూతి వంకరగా ఉండాది."

"అది అద్దం తప్పులే. ఈ పెన్సిలు చూడు. మీద పేరు అచ్చేస్తారంట."

"రెండు తూర్లు చెక్కితే నీ పేరు పొట్టులో కలిసిపోతాది కదప్పా."

"అయితే దువ్వెన?"

"బావులు తవ్వే శివప్పకు ఇస్తావా దువ్వెన? ఆయప్ప నెత్తిన ఒక్క వెంట్రుక చూపీ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. విసనకర్రను మేకలు తింటాయని ఆమే తేల్చేసింది. నవ్వడం అయ్యాక చెయ్యి ఆపి, ఇంకో మాట అడిగింది.

"బావులు తవ్వినోళ్ళను చూసినావు కదా. వాళ్ళు నడుముకు ఏం దోపుకోని తిరుగుతారు?"

చెన్నప్ప ఒక్క క్షణం ఆలోచించాడు. "వక్కాకు తిత్తి."

"అదే కుట్టియ్యి. సచ్చేదాకా నడుమునే ఉంటాది."

ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది. మరుసటి రోజే సంత వీధిలో దర్జీ హుసేన్ పీరాకు మందపాటి కోరాగుడ్డతో రెండు వందల తిత్తులు పురమాయించాడు. మీద వేయడానికి కొయ్య అచ్చు ఒకటి చెక్కించాలని కాగితం మీద తానే గీశాడు. పుస్తకం పేరు పైన చిన్నగా, 'చెన్నప్ప' అని కింద పెద్దగా. నాలుగు సార్లు గీస్తే నాలుగు సార్లూ తన పేరే పెద్దదయింది. ఆ అచ్చుతో మొదటి తిత్తి తయారైన సాయంత్రం దాన్ని జేబులో పెట్టుకొని శివప్ప దగ్గరికి పోయాడు.

శివప్పకు డెబ్బై దాటాయి. జీవితమంతా బావులు తవ్వినవాడు. పుస్తకంలోని ఇరవై ఆరింటిలో పదకొండు కథలు ఆయన చెప్పినవే. చదువు రాదు. తిత్తిని అటూ ఇటూ తిప్పి, తాళ్ళు రెండు మూడు సార్లు లాగి వదిలి, చిన్నపిల్లవాడిలాగా మురిసిపోయాడు. అక్షరాల మీద బొటనవేలు పెట్టి అడిగాడు.

"ఏమని రాసినారు అయివారా?"

"జల పడిన చోట్లు అని. కింద నా పేరు."

"బాగుండాది. రాసినోళ్ళ పేరు ఉండాల్సిందే." శివప్ప తిత్తిలో ఆకులు, వక్కలు సర్దుకుంటూ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "మేము తవ్వినవి రెడ్డి బావి, కరణం బావి, గుడి బావి. తవ్వించినోళ్ళ పేర్లు నిలిచిపోయినాయి. మా నాయన గుడి బావి రాయి కింద కాలు పోగొట్టుకున్యాడు. ఆయప్ప పేరు ఇప్పుడు నాకూ మీకూ తప్ప ఎవురికీ తెలీదు. పోనీలే, నీళ్ళు తీపిగుండాయి."

ఆ మాటల్లో నిష్ఠూరం రవ్వంత కూడా లేదు. చెన్నప్పకు అందుకే తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు.

"నీ పేరు పుస్తకం మీద ఉండాది కదా," అంది తిప్పమ్మ. "తిత్తి మీద కూడా ఏంటికి?"

తెల్లవారగానే హుసేన్ పీరా అంగడికి పోయి అచ్చు వేయవద్దన్నాడు. దర్జీ మిషను ఆపి తల పట్టుకున్నాడు.

"అచ్చు చెక్కించినారు, రంగు కలిపించినారు, ఇప్పుడు వద్దంటే ఎట్ల సార్? ఖాళీ తిత్తి ఇస్తే మీదని ఎవరికి తెలుస్తాది?"

"తెలీకపోతే పోనీ పీరా. ఖాళీగానే ఇయ్యి."

చాకలివాళ్ళు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజలు తెచ్చుకున్నాడు. ఆ రసంతో రాస్తే ఎన్ని ఉతుకులకూ పోదు. పన్నెండేళ్ళ నోటు పుస్తకాలన్నీ ముందర వేసుకొని వెతికితే, బావులు తవ్వినవాళ్ళ పేర్లు నలభై ఒకటి తేలాయి. ఒక్కొక్క తిత్తి మీద ఒక్కొక్క పేరు, కింద ఆ బావి ఉన్న ఊరు. నలభై ఒకటీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి. బడి అయిపోయాక రోజూ రాశాడు. జీడిరసం తగిలి వేళ్ళు బొబ్బలెక్కాయి. తిప్పమ్మ తిట్టుకుంటూనే కొబ్బరినూనె పూసేది, పక్కనే కూర్చొని తాళ్ళు ఎక్కించేది. శివప్ప నాయన పేరు రాసిన తిత్తిని మాత్రం ఆమే తీసుకుపోయి ముసలాయన చేతికి ఇచ్చి వచ్చింది. ఆయన ఏమన్నాడని చెన్నప్ప అడిగితే, "దాంట్లో వక్కలు వేసుకోకుండా దేవుని గూట్లో పెట్టినాడు," అంది.

సంత రోజున స్కూలు వరండాలో పుస్తకాలు, తిత్తులు పెట్టుకొని కూర్చున్నాడు. గంటసేపు ఒక్క నరపురుగూ రాలేదు. గమ్మున కూర్చోలేక, పిల్లలకు హాజరు పిలిచినట్టు తిత్తుల మీది పేర్లు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఏడో పేరుకు దారిన పోయే ఒకాయన ఆగిపోయాడు.

"ఏమన్నారు?"

"ఓబుళేసు. కొక్కంటి ఊరబావి."

"మా తాత!" ఆయన నెత్తిమీది మూట దించేశాడు. "మా తాత పేరు మీకెట్ల తెలుసప్పా?"

తిత్తితో పాటు పుస్తకమూ తీసుకున్నాడు. తనకు చదవను రాదట. కూతురు నాలుగో తరగతి, దాని చేత చదివిస్తానన్నాడు. ఆ వార్త సంతంతా పాకింది. జనం వచ్చి వాళ్ళ తాత పేరుందా, వాళ్ళ మామ పేరుందా అని మీద పడి అడిగారు. తమవాళ్ళ పేరు దొరికినవాళ్ళలో సగం మంది తిత్తి పట్టుకొని పుస్తకం సంగతే మరిచి పోయారు. చెన్నప్ప వాళ్ళను వెనక్కి పిలవలేదు. సాయంత్రానికి తిత్తులు కొన్నే మిగిలాయి, పుస్తకాలు మాత్రం చాలానే మిగిలాయి. బయ్యన్న వింటే ఏమంటాడోనని నవ్వు కూడా వచ్చింది.

సంత అయిన తొమ్మిదో రోజున ఇంటి ముందర ఒక ముసలామె నిలబడింది. కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. పేరు నల్లమ్మ. పొద్దున బయలుదేరి నడిచి వచ్చిందట.

"సుంకన్న అని ఉండాదేమో చూడు నాయనా. మా ఇంటాయన."

చెన్నప్ప నోటు పుస్తకాలన్నీ తిరగేశాడు. లేదు. ఏ ఊరి బావి అని అడిగాడు.

"ఎనిమిది మట్లు, ఎనిమిది నిలువుల లోతు తవ్వినాడు. జల పడలేదు నాయనా. మీ పుస్తకం జల పడినోళ్ళది అంట కదా. ఆయప్పను రాస్తారో లేదో అని అడగను వచ్చినా."

తిప్పమ్మ లోపలి నుంచి చెంబెడు మజ్జిగ తెచ్చి ముసలామె చేతిలో పెట్టి, చాప పరిచింది.

"కూర్చో పెద్దమ్మా," అన్నాడు చెన్నప్ప. "రాస్తా. ఎన్నేండ్లు తవ్వినాడు?"

"మూడేండ్లు," అంది నల్లమ్మ మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని. "మొదటి మట్టు మెత్తని ఎర్రమన్నే నాయనా. నేనూ తట్ట మోసినా…"

చెన్నప్ప కొత్త నోటు పుస్తకం తెరిచి, పై వరుసలో సుంకన్న అని రాశాడు.