మావయ్య పోయించిన చిక్కటి ఆయిల్

ఫెయిత్ ఆ కారు కొన్న రోజున ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమె మామగారు జకర్యా. ఆయన రైల్వేలో డీజిల్ ఇంజిన్లు నడిపి రిటైరైన మనిషి. నేరేడ్‌మెట్‌లో వాళ్ల వీధి వీధంతా ఆయన్ని ఇప్పటికీ డ్రైవర్‌గారనే పిలుస్తుంది. కొడుకు నతానియేల్‌కి బానెట్ ఎలా తెరుచుకుంటుందో కూడా పట్టదు. అలాంటి ఇంటికి ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయే కోడలు రావడం దేవుడు తన కోసమే చేసిన ఏర్పాటని ఆయన నమ్మకం.

కారు ఇరవై ఏళ్లు దాటిన హోండా సిటీ వీటెక్. పైకి చూస్తే ఆఫీసుకు పోయొచ్చే మామూలు బండే. దాని పొగరంతా లోపలుంది. ఇంజిన్ వేగం పుంజుకుని నిమిషానికి ఐదువేల చుట్ల దగ్గరికి రాగానే ఆయిల్ ఒత్తిడికి లోపల ఒక చిన్న పిన్ను జరుగుతుంది, వాల్వులు ఇంకాస్త బార్లా తెరుచుకుంటాయి. అంతవరకూ బుద్ధిగా నడిచిన బండి గొంతు మార్చి ముందుకు దూకుతుంది. ఆ దూకుడు కోసమే ఫెయిత్ ఆ కారు కొనుక్కుంది. శామీర్‌పేట అవతల ఒక మైదానంలో కోన్లు నిలబెట్టి వాటి మధ్య పెట్టే కార్ల పోటీలో ఆడవాళ్ల విభాగానికి పేరు కూడా ఇచ్చింది. పోటీ వచ్చే ఆదివారమే.

సోమవారం పొద్దున్నే బేగంపేటలోని ఆఫీసుకు బయల్దేరింది. ఫ్లైఓవర్ ఖాళీగా కనిపించేసరికి సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కింది. బండి దూకలేదు. కడుపునిండా తిని పడుకున్న వాణ్ని లేపితే లేచినట్టు, కాసేపాగి బరువుగా కదిలింది. సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ అదే వరస.

ఇంటికొచ్చేసరికి జకర్యా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎట్లా ఉందమ్మా బండి?" అన్నాడు, ముఖమంతా నవ్వు చేసుకుని.

"ఏం చేశారు మావయ్యా?"

"ఏం లేదు. నిన్న నువ్వు చర్చిలో క్వయర్ ప్రాక్టీసుకి ఉండిపోయావు కదా. నతానియేల్‌చేత నడిపించుకుని పోయి ఆయిల్ మార్పించుకొచ్చాను. ట్వంటీ ఫిఫ్టీ. ఆ కొట్లో ఉన్నవాటిల్లో అంతకంటే చిక్కటిది లేదు. ముసలి ఇంజిన్ కదా, లోపల అరుగుదల ఉంటుంది. చిక్కటి ఆయిలైతే సందుల్లో నిండి నిలబడుతుంది. ఆదివారం నీకే చిక్కూ రాదు."

తన పోటీ కోసం ఆ పెద్దాయన ఎండలో పోయి నిలబడి చేయించిన పని అది. బండి దూకట్లేదని చెప్పడానికి ఫెయిత్‌కి మనసొప్పలేదు. "బాగుంది మావయ్యా, థ్యాంక్స్," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడూ ఆయన అడిగాడు, ఆమె బాగుందనే చెప్పింది. బుధవారం మాత్రం అడగలేదు. ఆమె కారు దిగుతుంటే మెట్ల మీద కూర్చుని చూస్తూ, "నీకు అబద్ధం చెప్పడం చేతకాదమ్మా," అన్నాడు. "సందు మలుపు తిరుగుతుంటేనే విన్నాను. ఇంజిన్ మూలుగుతోంది. ఏమైందో చెప్పు."

అప్పటికి మూడు రోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఆయిల్ చిక్కగా అయిపోయింది మావయ్యా. పిన్ను టైముకి జరగట్లేదు. ఇంటర్నెట్‌లో ఈ కారున్నోళ్లందరూ ఫైవ్ థర్టీ పొయ్యమంటున్నారు, పల్చగా ఉంటది. ఇదేమన్నా గూడ్స్ బండా, నింపాదిగా లాక్కుంటూ పోడానికి?"

అన్నాక నాలుక కరుచుకుంది. జకర్యా లేచి లోపలికెళ్లి టీవీ పెట్టుకున్నాడు. రాత్రి అన్నం దగ్గర పప్పు కావాలన్నా భార్య ఆలిస్‌నే చూశాడు తప్ప కోడలివైపు తలెత్తలేదు.

"మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకండి," అని నతానియేల్ ముందే చేతులెత్తేశాడు.

"లాగినా నువ్వు చేసేదేముంది," అంది ఆలిస్. "ఆయిల్‌కీ నీళ్లకీ తేడా తెలియనోడివి."

గురువారం పొద్దున ఫెయిత్ కాఫీ కలుపుకుంటుంటే జకర్యా వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్లు ఇంజిన్ నడిపాను. నడిపినంతకాలం ఆయిల్ సంగతి నా మాట మీద వదల్లేదు, నా పైవాడి మాట మీదా వదల్లేదు. ఎదురుగా ఒత్తిడి చూపించే గేజీ ఉండేది, అదేం చెబితే అది. నీ బండికి గేజీ పెట్టించు. నా మాట వద్దు, నీ ఇంటర్నెట్ మాటా వద్దు."

ఫెయిత్ కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి, ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పెట్టింది.

సైనిక్‌పురి దారిలో తిరుమల్ గ్యారేజీ ఉంది. కారుకి ఎప్పుడూ పని చేసేది అతనే. సంగతంతా విని, ప్రెజర్ స్విచ్ విప్పేసి దాని స్థానంలో గేజీ గొట్టం బిగించాడు.

"షురూ చెయ్యక్కా," అన్నాడు.

చల్లటి ఇంజిన్ స్టార్టవగానే ముల్లు ఎగిరి పైకంటా పోయి కూర్చుంది. జకర్యా కళ్లు మెరిశాయి. "చూశావా, ఒత్తిడంటే అదీ."

"మీకు మొన్న బీపీ పెరిగితే బలమొచ్చిందని అనుకున్నామా మావయ్యా?"

తిరుమల్ నవ్వు ఆపుకోలేక బానెట్ కిందికి వంగాడు. జకర్యా నవ్వలేదు గానీ గడ్డం గోక్కున్నాడు. ఫెయిత్ వేగం పెంచింది. ఐదువేలు దాటాక కూడా ఇంజిన్ గొంతు మారడానికి తటపటాయించింది. ఆయన తల పక్కకి వంచి రెండోసారి విన్నాడు, మూడోసారి విన్నాడు.

"ఒత్తిడి ఉంది, ఆయిల్ మాత్రం చురుగ్గా పారట్లేదు," అని తనే ఒప్పుకున్నాడు. "విప్పెయ్ తిరుమలూ."

చిక్కటి ఆయిల్ దింపి, ఫిల్టర్ కూడా మార్చి ఫైవ్ థర్టీ పోశారు. స్టార్ట్ చేస్తే బండి పిల్లిలా మెత్తగా అందుకుంది. ఫెయిత్ ఇక గెలిచేసినట్టే అనుకుంది. కానీ జకర్యా, "వేడెక్కనీ. వేడెక్కాకే అసలు పరీక్ష," అన్నాడు.

ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎండలో యాప్రాల్ దాకా పోయి వచ్చింది. గ్యారేజీ ముందు ఆపి ఇంజిన్‌ని ఊరికే తిరగనిస్తే, ముల్లు మెల్లగా దిగుతూ దిగుతూ అడుగుకి చేరి వణకసాగింది. ఇంజిన్ పైభాగం నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు కూడా మొదలైంది. ఫెయిత్ ముఖం వాడిపోయింది.

జకర్యా 'నేను చెప్పలా' అనలేదు. గేజీ మీద వేలు పెట్టి చూపించి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం చూసి ఆమెకి బుధవారం తనన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

"సారీ మావయ్యా. గూడ్స్ బండి అని అనాల్సింది కాదు."

"గూడ్స్ బండిని తక్కువ చేయకు. దాన్ని ఆపడం ఎంత కష్టమో నీకేం తెలుసు," అన్నాడాయన. ఆ మాటతో ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత ఆయన మళ్లీ పనిలో పడ్డాడు. "చల్లగా ఉన్నప్పుడు నువ్వన్నట్టు పల్చగా పారాలి. వేడెక్కాక నేనన్నట్టు కొంచెం చిక్కగా నిలబడాలి. అలాంటిది ఉందా?"

డబ్బా మీద మొదటి అంకె చల్లదనానికీ రెండోది వేడికీ అని ఫెయిత్‌కి తెలుసు. ఎవరో పొయ్యమన్నది పోయడమే తప్ప, తన ఇంజిన్ ఎంత అరిగిందో చూసి ఆ అంకెల్ని ఎంచుకోవాలని ఆమెకి ఇన్నాళ్లూ తట్టలేదు.

"టెన్ ఫార్టీ," అంది నెమ్మదిగా.

"ఉన్నది గని, మల్ల విప్పాల్నా అక్కా?" తిరుమల్ చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"విప్పు," అన్నారు మామా కోడళ్లు ఒకేసారి.

ఈసారి మళ్లీ యాప్రాల్ దాకా తిప్పుకొచ్చాక కూడా ముల్లు కిందికి దిగింది గానీ ఉండాల్సిన చోట నిలబడింది, వణకలేదు. ఇంజిన్ పైన చప్పుడు లేదు. ఫెయిత్ పెడల్ నొక్కింది. ఐదువేల దగ్గర ఇంజిన్ గొంతు మారిపోయింది. పక్కనున్న టీకొట్టు వాళ్లు తలలు తిప్పి చూశారు. జకర్యా గేజీని వదిలేసి కోడలి ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

దింపిన ఫైవ్ థర్టీ ఇంకా తేనెరంగులోనే ఉంది. దాన్ని పారబోయడానికి ఆయనకు మనసొప్పలేదు, డబ్బాలో పట్టించి ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రం గేటు కీళ్లు, చర్చి గేటు కీళ్లు, పక్కింటి సుమిత్రగారి గేటు కీళ్లు అన్నీ దాని మూలంగా కిర్రుమనడం మానేశాయి.

ఆదివారం మొదటి ఆరాధనకు వెళ్లొచ్చి అందరూ శామీర్‌పేట బయల్దేరారు. మైదానంలో దుమ్ము లేస్తోంది. ఫెయిత్ వంతు వచ్చినప్పుడు జకర్యా తాడు కంచె దగ్గర కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"చూడకుండా ఏం చేస్తున్నారు? ప్రార్థనా?" అంది ఆలిస్.

"వింటున్నా. మాట్లాడకు."

మొదటి మలుపు దాటి బండి సూటిగా వచ్చేచోట ఇంజిన్ గొంతు మారింది, ఆయన పెదాలు విచ్చుకున్నాయి. చివరి మలుపు దగ్గర మాత్రం ఫెయిత్ ఒక కోన్‌ని పడగొట్టింది. దానికి అదనపు సెకన్లు కలిపితే మూడో స్థానం వచ్చింది. హెల్మెట్ తీసేసి ఆమె రాగానే ఆయన మొదట అడిగిన ప్రశ్న, "ఆ కోను పడటం ఆయిల్ వల్ల కాదు కదా?"

"కాదు మావయ్యా. నా వల్లే."

"అయితే ఫర్వాలేదు. మనిషిని మార్చక్కర్లేదు, నేర్చుకుంటుంది."

ఆలిస్ చింతచెట్టు నీడలో దుప్పటి పరిచి పులిహోర డబ్బాలు విప్పింది. నతానియేల్ అప్పటికే ప్లేటు పట్టుకున్నాడు. పెద్దాయన జాడ మాత్రం లేదు. ఫెయిత్ వెతుక్కుంటూ పోతే, మొదటి స్థానం గెలిచిన అమ్మాయి ఎర్ర కారు ముందు చేతులు వెనక్కి కట్టుకుని కనిపించాడు. ఆ అమ్మాయి బానెట్ ఎత్తి పట్టుకుని, ఇన్స్‌పెక్షన్ జరుగుతున్నట్టు నిటారుగా నిలబడి ఉంది.

"ఏమి ఆయిలు పోస్తున్నావమ్మా?"

"ఏమో అంకుల్, సర్వీసువాళ్లు ఏది పోస్తే అది."

"అట్లా వదిలేస్తే ఎలా? గేజీ పెట్టించావా ఎప్పుడన్నా?"

"మావయ్యా, తను మన మీద గెలిచింది," అని ఫెయిత్ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. "ఆమెకేం నేర్పిస్తారు, అన్నానికి పదండి."

ఆయన కదల్లేదు. "నువ్వుండు," అని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని ఆ ఎర్ర కారు ఇంజిన్ మీదికి వంగాడు.